బండి కడుగు విద్య: నీటిజాడల పూర్వకథ

నల్లని మోటారుకారును ఇంటి ముంగిట నిలిపి, దుమ్మంతయు వదలిపోవునట్లు నీరు పోసి కడిగి, ఎండలో దానంతట అదియే ఆరుటకు విడిచిపెట్టినచో, కొంతసేపటికెల్ల పైకప్పుమీదను, బానెట్టుమీదను, అద్దములమీదను తెల్లని వలయములు లెక్కకు మిక్కిలిగా పొడసూపును. అది చూచి కడిగినవాని చేతిని నిందించువారు కొందరు, సబ్బును నిందించువారు కొందరు, బండికి వేసిన రంగు నాసిరకమని నిట్టూర్చువారు మరికొందరు. నిజమారయగా ఆ మరకకు కారణము, మురికిని పోగొట్టుటకై మనము తెచ్చి పోసిన నీరే. బండి కడుగుట అల్పమైన పని యని తలచువారు దాని చరిత్రను ఒక్కమారు పరిశీలించినచో, ఆ చరిత్రయంతయు నీటి గుణమును మనుష్యుడు క్రమక్రమముగా గుర్తించి, దానికి తగినట్లు తన చేతిని, తన గుడ్డను, తాను పని చేయు వేళను దిద్దుకొనుచు వచ్చిన కథయేయని కనుగొనగలరు. ఆ కథను చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

నీటికిని నీటికిని భేదము గలదను సంగతి మన పెద్దలు రసాయనశాస్త్రమును చదివి నేర్చినది గాదు. ఏ బావి నీటిలో కందిపప్పు వెన్నవలె ఉడుకునో, ఏ బావి నీటిలో ఎంతసేపు మంట పెట్టినను బద్దలు బద్దలుగానే నిలిచిపోవునో ఊరిలోని ఇల్లాండ్రందరకును తెలిసియుండెడిది. పప్పుడుకు నీటికొరకు వారు వీథులు దాటి పోవుటకును, బిందె చంకనబెట్టుకొని బావిచెంత వంతు కొరకు నిలుచుటకును వెనుదీయకుండిరి. వారికన్న నీటి మర్మమును లోతుగా ఎరిగినవారు రజకులు. చాకిరేవునకు తగిన తావును చెరువు గట్టుననో, ఏటిపాయ యొద్దనో ఎంచుకొని, బట్టలను చవుటిమన్ను కలిపిన నీటిలో నానవేసి, బానలలో ఉడికించి, ఉతికి, జాడించు వారి పద్ధతియందు తరతరముల పరీక్ష ఇమిడియున్నది. చవుటిమన్నునందలి సోడాక్షారము బట్టల జిడ్డును విడదీయుటయే గాక, నీటిలో కరిగియున్న సున్నమును కూడ ముందుగా పట్టి అడుగునకు దించివేయును. అనగా వారు ఉతుకుటకు పూర్వమే నీటిని మెత్తబరచుచుండిరి. కుంకుడుకాయ నురుగు సబ్బు విరిగిపోవు నీటియందును విరుగక నిలుచుట గమనించి, పట్టుబట్టలకును తలంటుకును దానిని వాడుకొనిన వివేకమును ఈ కోవలోనిదే.

ఈ అనుభవమునకు శాస్త్రము చెప్పు కారణమిది. ఆకాశమునుండి పడు వాననీటిలో లవణములు లేవనియే చెప్పవచ్చును. అది భూమిలోనికి ఇంకునపుడు గాలినుండియు, నేలలోని వేళ్లనుండియు బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పుల్లనిదగును. ఆ పులుపుతో రాళ్లనడుమ దిగుచు, అందలి సున్నపుపాలును, మెగ్నీషియమును కరిగించి తనవెంట గొనిపోవును. అట్టిదానినే కఠినజలమందురు. ఆ నీటిబొట్టు ఏదేని ఒక నునుపైన తలముమీద ఆరినపుడు నీరు ఆవిరియై పోవును, వాయువు వెడలిపోవును, సున్నము మాత్రము కరగని రాతిపొడియై అక్కడనే నిలుచును. మరక చుక్కవలె గాక ఉంగరమువలె ఏర్పడుటకు కూడ హేతువు గలదు: బొట్టుయొక్క అంచు నిలిచినచోటనే నిలిచి, నడిమికన్న త్వరగా ఆరుచుండుటచే, అక్కడ తరిగిన నీటిని భర్తీచేయుటకై లోపలి నీరు అంచువైపునకు ప్రవహించుచు, తనలోని పదార్థమును అక్కడికే చేరవేయును. ప్రతి వంటింటను కనబడు ఈ వింతను చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో సాంతముగా వివరించువరకు అది చక్కగా తెలియరాలేదు.

పరిమాణము తెలిసినచో విషయము మరింత స్పష్టమగును. మన దేశపు త్రాగునీటి ప్రమాణము ప్రకారము నీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు సహింపదగును. లీటరునకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యముగల బోరునీటిని తీసికొన్నచో, 20 లీటర్ల బకెట్టునందు 10 గ్రాముల సున్నపుపాలున్నదని లెక్క. కడిగిన పిమ్మట బండిమీద పావులీటరు నీరు నిలిచి ఆరినదనుకొన్నను, 125 మిల్లీగ్రాముల తెల్లపొడి ఆ ఒక్కనాడే బండికి పూతయగును. వారము వారము కడుగుచు, ప్రతిసారియు ఆరనిచ్చుచుండువాడు తన బండికి తెలియకయే సున్నము కొట్టుచున్నాడు.

ఐరోపాఖండమున ఈ విషయము శాస్త్రవిషయమైనది పందొమ్మిదవ శతాబ్దియందు. స్కాట్లండులోని అబర్డీను నగరమున రసాయనశాస్త్ర బోధకుడైన థామస్ క్లార్కు 1841లో, కఠినజలమునందు తగుమాత్రము సున్నపునీటిని కలిపి, అందలి సున్నమునే అడుగునకు దించి నీటిని మెత్తబరచు పద్ధతికి పేటెంటు పొందెను. సున్నమును సున్నముతోనే తీయుట వినుటకు విపరీతముగా తోచినను, అది నేటికిని నగర జలాగారములలో ఆచరణయందున్నది. సబ్బునీరు ఎంత పోసిన పిమ్మట నురుగు నిలుచునో చూచి నీటి కాఠిన్యమును కొలుచు మార్గమును గూడ ఆయనయే స్థిరపరచెను. ఆవిరియంత్రముల యుగమగుటచే ఆ జ్ఞానమునకు అప్పుడు గొప్ప అవసరమేర్పడినది: బాయిలరు లోపల సున్నపు పెచ్చు కట్టినకొలది బొగ్గు ఎక్కువ ఖర్చగును, ఇనుము కాగి చెడును. ఇంజనుకు ఏ ఊరి నీరు పట్టవలెననుట రైల్వేవారికి పెద్ద విచారమైయుండెను. కారు బానెట్టుమీది వలయమును, రైలింజను బాయిలరులోని పెచ్చును ఒకే వంశమునకు చెందినవి.

మోటారుకారునకు పూర్వజుడు గుర్రపు కోచిబండి. కారు కడుగు విద్యకును కోచిబండి కడుగు విద్యయే మాతృక. ధనికుల కోచిబండి ఆనాడు రంగు వేసిన వస్తువనుటకన్న, చిత్రకారుని పటమనుట ఉచితముగా నుండును. చెక్కమీద అడుగుపూతలు వేసి, ఒక్కొక్కదానిని నురుగురాతితో నున్నగా తోమి, ఆ పైని రంగు, రంగుపైని అవిసెనూనెతోను కోపలు జిగురుతోను కాచిన వార్నీషు వేయుచు, పూతకును పూతకును నడుమ దినములు ఆరనిచ్చుచు పోగా, ఒక్క బండి సిద్ధమగుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టుచుండెను. అంత శ్రమపడి సాధించిన మెరుపును కాపాడుట సేవకుని బాధ్యత. కోచి నిర్మాణమును గూర్చి ఇంగ్లండునందు ఆ శతాబ్దమున వెలువడిన గ్రంథములలో బండిని కాపాడు నియమములు శ్రద్ధతో చెప్పబడియున్నవి. బురద ఎండకమునుపే కడుగవలెను, ఎండలో కడుగరాదు, వేడినీరు తగదు, నీరు ధారాళముగా పోసి మట్టిని నానబెట్టి జార్చవలెనేగాని రుద్దరాదు, పై పలకలకు స్పాంజి, చక్రములకు వేరు కుంచె వాడవలెను, తుదకు మెత్తని తోలుతో తడి యంతయు అద్దివేయవలెను. గుర్రపులద్దెనుండి వెడలు అమోనియా వార్నీషును మసకబరచునని తెలిసి, బండ్లసాలకును గుర్రపుసాలకును నడుమ దూరముండవలెనని కూడ వారు విధించిరి.

ఈ నియమములలో తడిని తోలుతో అద్దివేయవలెనను నియమమే మన కథకు ప్రాణము. నీరు బండిమీద తనంతట తాను ఆరరాదు. మనుష్యుని చేతనే ఆరవలెను. ఆవిరియై పోవు నీరు తన సున్నమును విడిచిపోవును, గుడ్డ పీల్చుకొని పోవు నీరు తన సున్నమును గూడ వెంటగొనిపోవును. వార్నీషు పోయి ఎనామెలు వచ్చినను, ఎనామెలు పోయి లాకరు వచ్చినను, సబ్బు పోయి షాంపూ వచ్చినను ఈ ఒక్క సూత్రము మారలేదు. దీనిని కనుగొన్నవారు శాస్త్రజ్ఞులు గారు. తెల్లవారకముందే లేచి, యజమాని బయలుదేరువేళకు చక్రముల ఆకులతో సహా తుడిచి సిద్ధము చేయవలసిన పేద సాయిసులును, కోచిసాల పనివారును. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారి విద్య మాత్రము మన చేతులవరకు వచ్చినది.

వారు వాడిన తోలునకు షామీ యని పేరు. అది మొదట ఐరోపా పర్వతములలో తిరుగు షామొయ్ అను కొండమేక జాతి జంతువు చర్మము; ఆ జంతువు అరుదైన పిదప గొర్రెచర్మపు లోపలి పొరను కాడ్‌చేప నూనెతో పదును చేసి అదే పేర అమ్మసాగిరి. తడిపి గట్టిగా పిండిన షామీ, ఎండుగుడ్డకన్న శీఘ్రముగా నీటిని పీల్చును. నూలు పోగులను విడువదు, గీతలు పెట్టదు. మోటారు యుగమునందును చాల దశాబ్దములు షోఫరు చేతిపెట్టెలో షామీ లేకుండ ఉండెడిది కాదు.

దక్షిణాపథమునకు ఈ సంప్రదాయము మద్రాసు మీదుగా వచ్చినది. అక్కడ 1840లో స్థాపితమైన సింప్సన్ కంపెనీ జీనులతో ప్రారంభించి, కోచిబండ్ల నిర్మాణమునకు ప్రసిద్ధికెక్కి, ఆ మీదట మోటారు బండ్ల పెట్టెలు కట్టుటకు పూనుకొనెను. ఆ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరికారునొకదానిని నిర్మించెను. గుర్రమునకును మోటారునకును మధ్య ఆనాడు గోడ లేదు. కోచి కట్టిన చేతులే కారు పెట్టెను కట్టెను, కోచిని కడిగిన చేతులే కారును కడిగెను. హైదరాబాదునందు దీనికి ఉజ్జ్వలమైన నిదర్శనమున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరికపై తయారై, ఆయన 1911లో కాలధర్మము చెందిన పిమ్మట ఉస్మాన్ అలీఖాన్ కాలమున వచ్చిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సింహాసనరథమునకు పెట్టె కట్టినది, 1710 నాటినుండి కోచిబండ్లు కట్టుచు వచ్చిన లండను నగరపు బార్కరు కంపెనీ. పసుపురంగుగల ఆ బండి ఊరేగింపులకే తప్ప వాడబడక, నేడు చౌమహల్లా భవనమున దర్శనీయమై యున్నది. అట్టి బండ్లను కడుగుట అంతఃపుర పరిచర్యలలో నొకటి వంటి గౌరవముగల పని.

మోటారుబండ్లు వేలసంఖ్యలో తయారగుట మొదలిడిన పిమ్మట కోచి వార్నీషు నిలువజాలలేదు. వారములు ఆరబెట్టుటకు స్థలమెక్కడిది? 1914 మొదలు 1925 వరకు ఫోర్డుగారి మోడల్ టి కార్లు నల్లరంగుననే వెలువడుటకు, కొలిమిలో కాల్చి శీఘ్రముగా గట్టిపరుపదగిన నల్లని ఎనామెలు చవుకగాను దృఢముగాను ఉండుట ఒక కారణము. ఆ వెనుక డ్యూపాంట్ కంపెనీయు జనరల్ మోటార్సును కలిసి సాధించిన డ్యూకో యను నైట్రోసెల్యులోజు లాకరు, 1924 నమూనా ఓక్లాండు కార్లమీద నీలిరంగుతో వెలువడి, వారముల పనిని దినములలోనికి, గంటలలోనికి కుదించెను. మన మెకానిక్కుల నోట నేటికిని డ్యూకో యను పేరు వినబడుచుండుట ఆ విప్లవపు ప్రతిధ్వనియే. 1980 తరువాత రంగుపై రంగులేని గాజువంటి పూత వేయు పద్ధతి సర్వత్ర వ్యాపించెను. ఆ పూత మందము సుమారు 40 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. లోతైన మెరుపునిచ్చును గాని, గీతయైనను మరకయైనను దాచుకొనజాలదు. పూర్వము కోచికి ఎంత జాగ్రత్త అవసరమయ్యెనో, నేటి నల్లకారునకును అంత జాగ్రత్తయే అవసరమైయున్నది.

పూతను కాపాడుటకు మైనము పుట్టినది. బ్రెజిలు ఈశాన్య ప్రాంతమున పెరుగు కార్నౌబా యను తాటిజాతి చెట్టు, ఎండకు తన ఆకులు వాడకుండుటకై వానిమీద మైనమును స్రవించుకొనును. ఆకులనెండబెట్టి దులిపి తీసిన ఆ మైనము వృక్షజన్యమగు మైనములలోకెల్ల కఠినమైనది. 1910 ప్రాంతమున అమెరికాయందు పుట్టిన సిమోనిజ్ మొదలగు మెరుగుమైనములు దేశదేశములందు ప్రచారమునకు వచ్చెను. మైనము పూసిన బండిమీద నీరు ముత్యములై నిలుచును. చూచుటకు అది మనోహరమే గాని, ఇందొక మెలకువ గలదు: పలుచగా పరచుకొనిన నీటికన్న గుండ్రని బొట్టు తక్కువ చోటున ఎక్కువ నీటిని నిలుపును గనుక, ఆరినచో మరక చిన్నదైనను దట్టముగా ఏర్పడును. మైనము మరకను నివారింపదు. మరక పూతలోనికి దిగకుండ అడ్డుపడి, తుడుచువానికి కొంత వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిని వినియోగించుకొనుట తుడుచువాని వంతు.

సబ్బు చరిత్రయు దీనితో పెనవైచుకొనియున్నది. నూనెతో చేసిన సబ్బు కఠినజలమునందలి సున్నముతో కలిసి తెట్టు కట్టును. ఆ తెట్టు బండిమీద మసకయై పరచుకొనును. అందుచేతనే పాతకాలపు కోచి సేవకులు వార్నీషుకు సబ్బు తగిలింపక నీటినే నమ్ముకొనిరి. సున్నమునకు విరుగని కృత్రిమక్షాళకములు మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మనీయందు పుట్టి, 1946లో అమెరికాయందు టైడు పేరను, మన దేశమున 1959లో సర్ఫు పేరను, 1969లో గుజరాతునందు కర్సన్‌భాయి పటేలు ప్రారంభించిన నిర్మా పేరను ఇల్లిల్లును చేరెను. బట్టల పొడితోనే బండిని కడుగు అలవాటు మన ఇండ్లలో అట్లు స్థిరపడినది. కాని బట్టల క్షారము బండి మైనమును గూడ కడిగివేయునని తెలిసికొనవలెను. దానికంటె గాఢత తక్కువైన కారుషాంపూ ఒక మూతెడు చాలును.

యంత్రములు కూడ ఈ పనికి పూనుకొన్నవి. 1914లో డెట్రాయిటు నగరమున కార్లను మనుష్యులు చేతులతో నెట్టుచు, ఒకచోట సబ్బు రాచి, ఒకచోట కడిగి, ఒకచోట తుడుచు కార్ల చాకిరేవు వెలసెను. రెండవ యుద్ధానంతరము ఆ వరుసకు యంత్రములు తోడయ్యెను. అయినను కడపటి కడుగునకు ఏ నీరు వాడవలెనను ప్రశ్న అక్కడను తప్పలేదు. దీనికి సమాధానము రెండు దిక్కులనుండి లభించెను. నేలమట్టి తనగుండ పోవు ద్రవములలోని కొన్ని లవణాంశములను పట్టుకొని, వానికి బదులు వేరువానిని విడుచునని 1850లో ఇంగ్లండునందు థాంప్సన్, వే యనువారు చూపిరి. ఆ గుణమునే ఆశ్రయించి ఖనిజములతో నీటిని మెత్తబరచు పద్ధతియు, 1935లో ఆడమ్స్, హోమ్స్ అనువారు కనుగొన్న కృత్రిమ రెసిన్లతో లవణములను పూర్తిగా తొలగించు పద్ధతియు ఏర్పడెను. రెండవది, 1960 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబును, మన దేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజనును కలిసి సాధించిన పలుచని పొర. ఆ పొరగుండ ఒత్తిడితో నీటిని పంపినచో నీరు దాటును, లవణములు దాటజాలవు. నేడు మన పల్లెటూళ్లలో క్యాన్లతో అమ్ము నీటి కేంద్రములును, వంటింటి గోడకు వ్రేలాడు ఆర్.ఓ. పెట్టెలును ఆ పరిశోధనయొక్క సంతానమే.

గుడ్డ కథ కూడ ఇట్లే మారినది. షామీ దొరకనివారు మన నాట పాతపంచెతోను, పసుపుపచ్చని ఫ్లానెలుతోను తుడిచిరి. 1970లో జపానులోని తోరే కంపెనీయందు మియోషి ఒకమోటో అత్యంత సూక్ష్మమైన నారను తయారుచేయు మార్గమును కనుగొనెను. ఆ వంశమున పుట్టిన మైక్రోఫైబరు గుడ్డలు నారల నడుమ లెక్కలేనన్ని సందులుండుటచే, తమ బరువుకు ఎన్నియో రెట్ల నీటిని పీల్చుకొనగలవు. షామీ చేసిన పనినే అవి చేయుచున్నవి. జంతువు ప్రాణము మాత్రము మిగిలినది.

తెలుగునాట బండి కడుగుట ఒక వృత్తిగా ఎదిగినది లారీలతోను బస్సులతోను. డ్రైవరు ప్రక్కన క్లీనరు కుర్రవాడుండెను. కృష్ణా గోదావరి డెల్టాలలో కాలువరేవుల యొద్ద బండిని నిలిపి, బకెట్టుతో నీరు చిమ్మి, గడ్డిచుట్టతో తోమి, అట్లే వాడు బండి భాషను నేర్చుకొని కాలక్రమమున తానును డ్రైవరయ్యెను. కాలువలోనిది నదినీరగుటచే మెత్తనిది. మరక అంతగా నిలువకుండెను. విజయదశమినాడు బండికి స్నానము చేయించి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి నడిపించు ఆచారము ఆ సేవకు పండుగరూపమే. 1957లో వెలువడిన అంబాసిడరు కాలమున కొందరి ఇండ్లకే పరిమితమైన కారు, 1983 చివర మారుతి 800 రాకతో మధ్యతరగతి వాకిటికి వచ్చెను; కడుగు పని క్లీనరు చేతినుండి ఇంటి యజమాని చేతికిని, అపార్టుమెంటు కావలివాని చేతికిని మారెను. సరిగా ఆ కాలముననే నీరును మారెను. 1908 సెప్టెంబరు మూసీ వరద పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై హైదరాబాదునకు చెరువునీటిని అందించుచుండగా, నగరము పెరిగినకొలది నల్లానీరు చాలక, నల్లరాతి పొరలను తొలిచి బోర్లు వేయుట సర్వసామాన్యమైనది. రాతిపగుళ్లలో చిరకాలము నిలిచిన ఆ నీరు సాధారణముగా కఠినము. అందు సున్నముతోపాటు ఇసుకజాతి పదార్థమగు సిలికాయు గలదు. సముద్రతీరపు ఊళ్లలో బావినీరు ఉప్పనగును. ఉప్పుమరక మంచినీటికి కరగిపోవును గాని, లోహమునకు తుప్పు తెచ్చును. సున్నపుమరక తుప్పు తేదు గాని, నీటికి లొంగదు. ఏ ఊరివాడు ఏ మరకతో పోరాడవలెనో ముందుగా తెలిసికొనుట అవసరము.

ఇంతటి చరిత్ర ఇంటివద్ద కడుగువానికి బోధించు క్రమమును ఇక సంగ్రహముగా చెప్పెదను. ప్రొద్దుననో సాయంకాలముననో, నీడయందు, లోహము చేతికి చల్లగా తగులునపుడే మొదలిడవలెను. మొదట నీటితో మట్టిని నాన్చి జార్చవలెను. రెండు బకెట్లు పెట్టుకొని, ఒకదానిలో షాంపూనీరును, రెండవదానిలో గుడ్డను జాడించుటకు మంచినీటిని ఉంచుకొని, పైకప్పునుండి క్రిందికి ఒక్కొక్క భాగమునే కడుగుచు, అది ఆరకమునుపే నీరు పోసి ముగించి మరియొక భాగమునకు పోవలెను. చక్రములకు గుడ్డ వేరుగా ఉండవలెను. చివరిసారి నీటిని చిమ్మక, గొట్టము మూతి తీసి, మెల్లని ధారగా పైనుండి విడిచినచో నీరు బొట్లుగా చీలక ఒక్క పరదాగా జారిపోవును. తుడువవలసిన తడి చాలవరకు తగ్గును. ఆర్.ఓ. శుద్ధి చేసిన నీరుగాని, ఏసీ పెట్టెనుండి కారు నీరుగాని, పట్టియుంచిన వాననీరుగాని ఒక చిన్న బకెట్టుడు ఈ తుది ధారకు లభించినచో అంతకు మించినది లేదు. గాలిలోని తేమయే చల్లబడి కారుటచే ఏసీ నీటిలో సున్నముండదు. ఆర్.ఓ. పెట్టె విడిచివేయు వ్యర్థజలమును మాత్రము తుది కడుగునకు వాడరాదు. పొర ఆపిన లవణములన్నియు అందే కూడియుండుటచే అది బోరునీటికన్నను ఎక్కువ మరక వేయును. మట్టిని నాన్చు తొలి కడుగునకు దానిని వినియోగించుకొనవచ్చును. పిమ్మట మైక్రోఫైబరు గుడ్డను రుద్దక, పరచి లాగుచు నీటిని పీల్చవలెను. తలుపుల సందులలోను, అద్దముల మూలలలోను దాగిన నీరు బండి కదలగనే కారునుగనుక, వానిని కూడ మరువరాదు.

ఇదివరకే మరక పడియున్నచో దిగులుపడనక్కరలేదు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన ఇల్లాలికి దీని మందు తెలిసినదే: పులుపు సున్నమును కరిగించును. వెనిగరును సమభాగము నీటితో కలిపి, గుడ్డకు అద్ది, మరకమీద కొలది నిముషములుంచి తుడిచి, వెంటనే నీటితో కడిగి ఆర్చినచో లేత మరక వదలును. చింతపండు గుజ్జును నేరుగా రుద్దినచో అందలి పీచు పూతను గీయును. ఎండలో ఎన్నోదినములు కాగిన మరక పూతలోనికి తినివేసియుండును. సిలికా మరక పులుపునకు లొంగదు. ఆ రెండింటికిని మెరుగుపెట్టు పనివాని యొద్దకు పోవలసినదే.

కోచిబండి కాలమున నీరు ధారాళముగా పోయుట విద్యకు మొదటి పాఠమై యుండెను. నేడు మితముగా పోయుటయే మొదటి పాఠము. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి త్రాగునీటితో బండ్లు కడుగుటను నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించిన సంగతి తెలుగునగరములన్నియు జ్ఞప్తియందుంచుకొనదగినది. సంతోషింపదగిన విషయమేమనగా, మరక లేకుండ కడుగుటకును నీరు పొదుపు చేయుటకును విరోధము లేదు. గొట్టము విడిచి వందల లీటర్లు పారబోసినవాని బండిమీద సున్నమే మిగులును. రెండు బకెట్లతో కడిగి ఓపికగా తుడిచినవాని బండి నిష్కళంకముగా నిలుచును. అంతకుమించి, చెరువులు పూడి, బోర్లు లోతైనకొలది మన నీరు మరింత కఠినమగును. బానెట్టుమీది ఆ తెల్లని వలయము ఊరి నీటిస్థితిని తెలుపు పత్రము. తన బండి మచ్చలేకుండ ఉండవలెనని కోరువాడు చేతిలో మెత్తని గుడ్డను పట్టుకొనుటతో ఆగక, తన ఊరి చెరువు నిండియుండవలెనని గూడ కోరవలెను, దానికై పాటుపడవలెను.